చీమ తన గుమ్మం చుట్టూ మట్టి ఎందుకు పోస్తుంది?

ఒకప్పుడు చీమలకు తవ్వడం తెలియదు. నేల ఎక్కడ బీటలు వారితే అక్కడ దూరి కాపురం పెట్టేసేవి.

ఆ రోజుల్లో నూకాలమ్మ అనే ఆవిడ కూరగాయలు పండించి పిల్లల్ని సాకేది. ఒక ఏడు ఎండలు మండిపోయాయి. మడులన్నీ బీటలు వారాయి. బీటల నిండా చీమలే! నూకాలమ్మ బీరగింజలు నాటడం, అవి మోసుకుపోవడం. చివరికి గుప్పెడు గింజలు మిగిలాయి. అవీ పోతే పిల్లలు పస్తే.

నూకాలమ్మకు ఒళ్ళు మండింది. కుండెడు నీళ్ళు సలసలా మరగబెట్టి తెచ్చింది.

"ఆగు తల్లీ, ఆగు!" అని అరిచింది నేల. "అవి పోశావంటే నా కడుపులో వానపాములన్నీ ఉడికిపోతాయి. ఆ తరవాత నీకు ఏ పాదూ పచ్చగా ఉండదు."

"మరి ఈ చీమల్నేం చెయ్యమంటావు?"

"నేను ఎండిపోబట్టే అవి చేరాయి. ఇంత పేడ ఎరువు వెయ్యి. చన్నీళ్ళు పెట్టి ఎండుటాకులు కప్పు. తడిలో అవి ఉండలేవు."

నూకాలమ్మ అలాగే చేసింది. నేల మెత్తబడింది, బీటలు పూడుకున్నాయి. చీమలు బిలబిలమంటూ పైకొచ్చాయి.

వాటిలో ఒక బక్కచీమ తనకంటే పెద్ద గుడ్డును నోట కరుచుకుని గట్టెక్కింది. దాన్ని దించి మళ్ళీ మడిలోకి దిగింది. ఇంకో గుడ్డుతో వస్తూ బురదలో జారిపడింది, లేచింది. నోట్లో గుడ్డును మాత్రం వదల్లేదు.

నూకాలమ్మ కోపం ఎటు పోయిందో! "ఓసి పిట్టంత లేవు, ఇంత సత్తువ ఎక్కడిదే నీకు?"

"నా పిల్లలమ్మా," అంది చీమ ఆయాసపడుతూ. "ఎండకు మాడిపోతారు. ఎక్కడ దాచను?"

"నా మడి జోలికి రాకు. ఈ పొడిగట్టు నీదే, తవ్వుకో."

"నాకు గునపం లేదే!"

"నోరుందిగా! నా గింజలు మోసిన నోరు మట్టి మొయ్యలేదా?"

చీమ సిగ్గుపడి, ఒక మట్టిరేణువు కొరికి పక్కన పెట్టింది. తరవాత ఇంకొకటి. మిగతా చీమలూ వచ్చి చేరాయి. పొద్దువాలేసరికి పిల్లలన్నీ గట్టులోపల చల్లగా పడుకున్నాయి. తవ్విన మట్టి గుమ్మం చుట్టూ చిన్న కట్టలా నిలిచింది. మడి నీళ్ళు పొర్లినా లోపలికి రావు.

నూకాలమ్మ అక్కడే చతికిలబడింది. "పారతో నేను కూడా ఇంత చక్కగా వెయ్యలేను కదే!" అని మురిసిపోయింది. ఆమె నాటిన ఆ గుప్పెడు బీరగింజలూ మొలిచి, తీగలు పందిరెక్కాయి.

అప్పటినుంచే చీమ పొడినేల వెతుక్కుని తవ్వుకుంటుంది. తవ్విన మట్టిని రేణువు రేణువుగా నోట మోసుకొచ్చి, గుమ్మం చుట్టూ గుండ్రంగా పోస్తుంది.