హైమవతమ్మ ముందుగది

మా గురువు చిదంబరయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే అక్కడికక్కడ జవాబు చెప్పరు. "మీ ఇంటికొస్తాను, ఇంత అన్నం పెట్టండి, చూద్దాం," అంటారు. అన్నట్టే వస్తారు, పప్పూ చారూ తిని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. చాలాసార్లు ఒక్క ముక్కయినా చెప్పరు. అడిగినవాళ్ళకి మాత్రం ఆ పూటలోనే ఏదో తెలిసిపోతుంది, తెలిసింది వాళ్ళకి నచ్చదు. అందుకే మా శుక్రవారం సత్సంగంలో ప్రశ్నలు తక్కువ, భజనలు ఎక్కువ.

అలాంటి చోట హైమక్క లేచి నిలబడి అడిగింది. "పోయినవాళ్ళు ఇల్లు ఎప్పుడు వదులుతారు అయ్యగారూ?" అని. పక్కన కూర్చున్న నాకు ఆ ప్రశ్న వెనకున్న సంగతంతా తెలుసు. ఇది దయ్యాల కథ అనుకుని చదివేవాళ్ళు అలాగే చదువుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేను అక్కడే ఉండి కళ్ళారా చూశాను కాబట్టి, అలా అనుకునే సుఖం నాకు లేదు.

హైమక్కది చీరాలలో మా పక్కిల్లు. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు సాంబు, మందుల షాపులో పని చేస్తాడు. అత్తగారు ఆదిలక్షమ్మగారు ఆ ఇంట్లోనే పోయారు, సాంబు పెళ్ళికి ముందు. బతికున్నంత కాలం ఆవిడ ముందుగదిలో గోడవారన చెక్కబల్ల మీద, ఎడమకాలు మడిచి, తల గోడకి ఆనించి కూర్చునేది. ఆ గోడ దగ్గర్నించి చూస్తే తలుపు సందులోంచి వంటింటి పొయ్యి తిన్నగా కనిపిస్తుంది. లోపల గరిటె చప్పుడైతే చాలు, "ఏం పడేశావే? ఎవరి సొమ్మనుకున్నావు?" అని కేకేసేది. కొబ్బరి కోరుతున్నట్టుండే గొంతు. గోడ ఇవతల మా ఇంట్లో నేను ఉలిక్కిపడేదాన్ని. "ఏమీ పడలేదత్తయ్యా," అని హైమక్క వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చేది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆవిడ పోయేదాకా అదే పాట.

సాంబుకి పెళ్ళయింది. కోడలు ప్రశాంతి ఒంగోలు పిల్ల, నెమ్మదస్తురాలు, గట్టిగా మాట్లాడదు. ఒకరోజు ముగ్గురం కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే తల ఎత్తకుండానే అంది: "ముందుగదిలోంచి ఎవరో చూస్తున్నట్టుంటుంది అత్తయ్యా. పొయ్యి దగ్గర నిలబడితే వీపు చల్లబడిపోతుంది." నేనూ హైమక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గదిలో కూర్చుని చూసేది ఎవరో మా ఇద్దరికీ బాగా తెలుసు. హైమక్క చేతిలో చేట పక్కకి ఒరిగి బియ్యం ఒలికాయి.

తర్వాత ఆ పిల్ల చిక్కిపోవడం మొదలుపెట్టింది. తిండి సయించదు, జాకెట్లు వదులైపోయాయి. చివరికి మొగుడితో తేల్చి చెప్పింది, వేరే కాపురమైనా పెట్టు, లేదా మా అన్నయ్య వచ్చి తీసుకెళ్తాడు, మళ్ళీ రాను అని. సాంబు తల్లి దగ్గరికొచ్చి, "దానికి ఆ గదంటే భయమమ్మా. అది వెళ్తే నేనూ వెళ్తాను," అన్నాడు. హైమక్కకి ఈ లోకంలో ఉన్నది ఆ ఇద్దరే. "బతికున్నప్పుడు నా ఉసురు పోసుకుంది, పోయాక నా కోడల్ని పట్టుకుంది, ఇప్పుడు నా కొడుకుని కూడా ఎత్తుకుపోతోందే వరాలూ," అని నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అందుకే ఆ శుక్రవారం లేచి అడిగింది.

గురువుగారు ఆమె వైపు తిరిగారు. "ముందుగది పాతబడిపోయిందేమో తల్లీ. కొత్తగా చేసుకో. అయ్యాక భోజనానికొస్తాను," అన్నారు.

"కొత్తగా చెయ్యడానికి నా దగ్గరేముందండీ?"

"ఉన్నదాంతోనే చెయ్యి."

చేశాం. చేతిలో లేనప్పుడు బుర్ర బాగా పనిచేస్తుంది, అది మాత్రం నిజం. గుల్లసున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, పట్టడానికి కాస్త బంక వేసుకున్నాం. గోడ మీద ఆదిలక్షమ్మగారి తల ఆనిన చోట చేటంత జిడ్డు మరక. జిడ్డు మీద సున్నం నిలవదు కదా, అందుకని కుంకుడుకాయలు కొట్టి ఆ రసంతో రుద్దాం. నురగ కారుతుంటే హైమక్క సగంలో చెయ్యి ఆపి, "ఆవిడకి తలంటుతున్నట్టుందే," అంది. నాకు నవ్వు రాలేదు. సున్నం రెండు పూతలు వేశాం. హైమక్క పెళ్ళినాటి చిలకాకుపచ్చ చీర చింపి వంటింటి తలుపుకి తెర కుట్టాం. సాంబు తుప్పు పట్టిన ట్రంకుపెట్టెకి రంగు వేశాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ చెక్కబల్లని ఎదుటి గోడకి, కిటికీ కిందకి మార్చేశాం. సాయంత్రానికి గదిలోకి అడుగుపెడితే వేరే ఇంట్లోకి వచ్చినట్టుంది. ప్రశాంతి ఆ తెరని చేత్తో నిమిరి మెల్లిగా నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఆ నవ్వు నిలవలేదు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి బల్ల పాత చోటనే ఉంది. ఎవరు జరిపారంటే ఎవరూ జరపలేదన్నారు. హైమక్క నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. మళ్ళీ కిటికీ కిందకి లాగాం. ఇంకో రోజు తెర ఎత్తి మేకుకి తగిలించి ఉంది, పొయ్యి తిన్నగా కనిపిస్తోంది. దించితే మళ్ళీ ఎత్తి ఉండేది. మేం చేసిన కొత్తదనాన్ని ఎవరో ఓపిగ్గా, ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతున్నట్టుంది. చివరికి మరక కూడా వచ్చింది. ముందు పసుపుపచ్చ నీడలా, తర్వాత అచ్చం తలకాయంత. మళ్ళీ కుంకుడురసం, మళ్ళీ సున్నం, మళ్ళీ మరక. నేను ధైర్యం చేసి దగ్గరికెళ్ళి వాసన చూశాను. ఆదిలక్షమ్మగారు జన్మంతా తలకి ఆముదమే రాసింది. గోడ మీద వాసన మాత్రం ఆముదంది కాదు. పోయాక నూనె మారుస్తారా ఎవరైనా? ఇంటికొచ్చి దీపం పెట్టుకున్నాను. హైమక్కకి ఈ సంగతి చెప్పలేదు.

గురువుగారు భోజనానికి వచ్చిన రోజునే ప్రశాంతి అన్నయ్య కూడా వస్తానని కబురు పెట్టాడు, సాయంత్రం బస్సుకి. ఆ పిల్ల బట్టలు సర్ది సంచీ తలుపు పక్కన పెట్టుకుని మరీ వంట చేస్తోంది. సాంబు షాపు నుంచి ఇంకా రాలేదు. గురువుగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు, నేను గడప దగ్గర చతికిలబడ్డాను. హైమక్క వంటింటికీ గదికీ తిరుగుతుంటే, "నువ్వు కాసేపు కూర్చో తల్లీ. వంట ఆ అమ్మాయి చూసుకుంటుంది," అన్నారాయన.

"ఎక్కడ కూర్చోనండీ, ఈ గదిలో కూర్చోవాలంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది," అంటూ హైమక్క మాట్లాడటం మొదలుపెట్టింది. "చూడండి, ఈ బల్లని ఇక్కడ కిటికీ కింద పెట్టామా..." అంటూనే వంగి, బల్లని రెండు చేతులా పట్టుకుని మరకున్న పాత గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. "ఆ తెర చూశారూ, నా పెళ్ళి చీర, ఎన్నిసార్లు దించినా ఎత్తే ఉంటుంది..." అంటూ తెర అంచు పట్టుకుని మేకుకి తగిలించింది. ఆమె మాట ఆగలేదు, ఆమె కళ్ళు మా మీదే ఉన్నాయి. చేతులు మాత్రం వేరే ఎవరి మాటో వింటున్నట్టు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. బల్ల మీద కూర్చుంది. ఎడమకాలు మడిచింది. తల వెనక్కి వాల్చింది. అది సరిగ్గా మరక మీదకి వెళ్ళి ఆనింది.

"ఎంత తెల్లగా వేసినా ఆవిడ పోవడంలేదండీ," అంది.

వంటింట్లో మూత చప్పుడైంది.

"ఏం పడేశావే? ఎవరి సొమ్మనుకున్నావు?"

అది హైమక్క గొంతు కాదు. కొబ్బరి కోరుతున్నట్టుండే ఆ గొంతు. నేను గోడ అవతల్నించి అన్నేళ్ళు విన్న గొంతు. చచ్చిపోయిన మనిషి గొంతు, బతికున్న మనిషి నోట్లోంచి, మిట్టమధ్యాహ్నం.

"ఏమీ పడలేదత్తయ్యా," అంది ప్రశాంతి, పొయ్యి వైపు నుంచి వెనక్కి తిరక్కుండానే.

హైమక్క చెయ్యి మెల్లగా లేచి తన నోటినే మూసింది. ఆమె తల్లోంచి కొబ్బరినూనె వాసన వస్తోంది, గోడ మరక దగ్గర వచ్చిన వాసనే. నేను ఆ ఇంటికి రోజూ వెళ్ళే మనిషిని. ఆ బల్ల మీద ఎవరు కూర్చుంటున్నారో నేను గమనించలేదంటే మీరు నమ్మకపోవచ్చు. పెద్దావిడ కూర్చునే చోట ఇంటి పెద్దావిడ కూర్చుంటే ఎవరి కంట్లో పడుతుంది?

ప్రశాంతి గరిటె కింద పెట్టి గుమ్మం దాకా వచ్చింది. భయంభయంగానే అయినా ఈసారి తల ఎత్తి మాట్లాడింది.

"ఎవరో చూస్తున్నారన్నాను అత్తయ్యా. పోయినవాళ్ళని నేను అనలేదు."

కొత్త కోడలు అత్తగారి మొహం మీద 'మీరే' అని ఎలా అంటుంది? ఆ పిల్ల అనగలిగినంత అంది, మేమిద్దరం దాన్ని ఎత్తుకెళ్ళి చచ్చినావిడ నెత్తిన పెట్టాం. హైమక్క మడిచిన కాలు కిందికి దించింది. గోడ పట్టుకుని లేచింది. "నాకు వినపడలేదమ్మా. నా గొంతు నాకే వినపడలేదు," అంటూ వలవలా ఏడ్చింది. "ఆవిడ అలా పిలిచినప్పుడల్లా చచ్చిపోవాలనిపించేది నాకు. నీకూ అలాగే అనిపించిందా? నిజం చెప్పు తల్లీ." ప్రశాంతి తల ఊపింది, దాని కళ్ళు కూడా నిండాయి. "వెళ్ళకే. ఉండిపోవే," అంది హైమక్క. ఆ పిల్ల ఉంటాననలేదు, వెళ్తాననలేదు. "అన్నయ్యకి భోజనం పెట్టి పంపిద్దాం, తర్వాత చూద్దాం అత్తయ్యా," అని లోపలికెళ్ళి పొయ్యి మంట తగ్గించింది.

హైమక్క కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల వైపు చూడటానికి కూడా జంకుతూ, గురువుగారి దగ్గరికి వచ్చింది.

"ఆవిడ వెళ్ళిపోయిందంటారా అయ్యగారూ?"

చిదంబరయ్యగారు చెంబు అందుకుని చేతులు కడుక్కోవడానికి లేస్తూ అన్నారు: "ఇప్పటికైతే లేచింది తల్లీ. మళ్ళీ కూర్చోకుండా చూసుకో."