వంచి వినని తగరం

ఏమే కుందనా, ఇటు తిరుగు. గోడ గడియారంలో ఉండాల్సిన సెల్లు నీ బొమ్మకారులోకి ఎలా వచ్చింది? నడిచొచ్చిందా? "ఆ గడియారం ఎవరూ చూడరు కదా అమ్మమ్మా" అంటావా? తాతయ్య చూస్తాడు. ఇవాళ మధ్యాహ్నం దాన్నే నమ్ముకుని, ఇంకా వేళ కాలేదనుకుని, మాత్ర వేసుకోకుండా కూర్చున్నాడు. రెండు గంటలు ఆలస్యమైంది. ఏడవకు. నువ్వు ఏడిస్తే గడియారం తిరగదు. లేచి ఆ సెల్లు దాని చోట పెట్టి రా.

పెట్టావా? సరే, పడుకో. ఎవరూ చూడరని తీసినవాడి కథ చెప్తాను. మా అమ్మమ్మ నాకు చెప్పింది. విన్న రోజు నేను చారు ముట్టలేదు.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రేవు ఊరు. ఆ ఊళ్ళో పేరిశెట్టి గారని ఒక పెద్దమనిషి. ఆయన పెంకుల షెడ్డు వేయించి, తెర కట్టించి, బొమ్మలాడించే మిషను తెప్పించాడు. అప్పట్లో తెరమీద బొమ్మలు కదిలేవి గానీ మాట్లాడేవి కావు. జనం మిషను చప్పుడు వింటూ కూర్చోవాలి.

అప్పుడు ఊళ్ళో దొరల క్లబ్బు మూసేశారు. అక్కడున్న ఆర్గన్ని పేరిశెట్టి గారు కొని, నాలుగు బళ్ళ మీద హాలుకి తెచ్చారు. చెరుకు గెడలు నిలబెట్టినట్టు దానికి వరసలు వరసలుగా లోహపు గొట్టాలు. కింద కొలిమి తిత్తిలాంటి పెద్ద తోలు తిత్తి. తిత్తి తొక్కి మెట్లు నొక్కితే ఒక్కో గొట్టం ఒక్కో గొంతుతో పాడేది. ఊళ్ళో వాళ్ళు దాన్ని గాలిపెట్టె అన్నారు.

వాయించడానికి చర్చిలో పాటలు నేర్పే జకరయ్య మాస్టారు వచ్చాడు. మరి దాన్ని బాగు చూసేదెవరు? సముద్రపు గాలికి లోహానికి ఉప్పు పడుతుంది. తిత్తి తోలుని ఎలకలు కొరుకుతాయి. తిత్తీ తెలిసి, లోహమూ తెలిసినవాడు కావాలి. అలాంటివాడు ఊళ్ళో ఒక్కడే. కళాయి పూసే అప్పికొండ.

కళాయి అంటే తెలుసా? ఇత్తడి గిన్నెలో పులుపు వండితే చిలుం పట్టి విషమవుతుంది. అందుకని గిన్నె లోపల తగరం కరిగించి పూస్తారు. అప్పికొండ తండ్రి పోతూ పోతూ కొడుక్కి ఒకే మాట చెప్పాడు. "వంచి విను, ఆ తర్వాతే పూయి." అసలైన తగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కీచుమని ఏడుస్తుందట. సీసం కలిసిందైతే నోరు మెదపదట. అప్పికొండ ఏ రోజూ వినకుండా పూయలేదు.

గాలిపెట్టెని కూడా అంత శ్రద్ధగానే చూశాడు. గొట్టాలు పొడిబట్టతో తుడిచేవాడు. తిత్తిలో వేపాకు పెట్టేవాడు. చిరిగిన చోట మేకతోలు అతికేవాడు. ఆరేళ్ళ కూతురు సోములుని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది పిట్ట, ఇది ఏనుగు" అని ఒక్కో గొట్టాన్నీ చూపించేవాడు.

ఆ తర్వాత ఓడలు రావడం ఆగిపోయింది. ఓడ లేదు, తగరం లేదు. పక్కింటి వరహాలమ్మ పులుసు గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఒరే అప్పికొండా, చిలుం కనబడుతోందిరా. మా మనవడికి ఇందులో ఎలా వండేది?"

"తగరం లేదు పిన్నీ. మట్టి కుండలో వండుకో."

"పులుసుకి కుండ పగిలి చస్తోంది. నీకు లేదంటే నమ్మమంటావా? కుక్క దగ్గర బొమికల్లేవన్నట్టుంది."

ఆ మాటకి అప్పికొండకి రోషం వచ్చింది. మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేరు. గాలిపెట్టె వెనక వరసలో పెద్ద గొట్టాలున్నాయి. గాలివాన బొమ్మ వస్తేనే వాటిని వాయిస్తారు. గాలివాన బొమ్మ వచ్చి ఏడాదైంది. ఒకటి తీశాడు. దాని చోట వెదురు బొంగుకి అభ్రకం పొడి పూసి నిలబెట్టాడు.

పిల్లవాడి కోసమే తీశాననుకున్నాడు. చూశావా, దొంగతనం ఎప్పుడూ మంచి చొక్కా తొడుక్కునే వస్తుంది.

మరి వంచి విన్నాడా? వినలేదు. హాల్లో వంచితే చప్పుడవుతుందని భయం. ఇంట్లో వంచుదామంటే భార్య నీలమ్మ ఎక్కడిదని అడుగుతుందని భయం. గబగబా ముక్కలు చేసి కరిగించేశాడు. జన్మలో మొదటిసారి, వరహాలమ్మ గిన్నెకి వినకుండా పూశాడు. అబ్బో, కరిగింది భలే పారింది.

ఆ తర్వాత హోటలు వాళ్ళు సాంబారు గుండిగ తెచ్చారు. రెండో గొట్టం తీశాడు. రెండో బొంగు నిలబెట్టాడు. దాన్నీ వంచలేదు.

ఆ తర్వాత నీలమ్మ అంది, "ఊరందరికీ పూస్తావు, ఇంట్లో చారు గిన్నె కళాయి పోయి ఎర్రబడింది." అప్పుడు మూడోది తీశాడు.

నెలలు గడిచాయి. నీలమ్మ ఒకరోజు గిన్నె తోముతూ, "ఇదేం కళాయి? చెయ్యంతా మసి అంటుతోంది" అంది. సోములుకి చారంటే ప్రాణం. గ్లాసులో పోసుకుని తాగేది. ఆ పిల్ల పాలిపోయింది. రోజూ కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. వామునీళ్ళు పట్టారు, దిష్టి తీశారు. తగ్గలేదు. పక్కింట్లో వరహాలమ్మ మనవడికీ అదే నొప్పి.

అప్పుడు హాలుకి గాలివాన బొమ్మ వచ్చింది.

సాయంత్రం ఆట. తెరమీద చెట్లు విరుగుతున్నాయి, పడవ మునుగుతోంది. జకరయ్య మాస్టారు వెనక వరస మెట్లు నొక్కాడు. ఉస్సుమంది. ఇంకోటి నొక్కాడు. ఉస్సు. మూడోది నొక్కాడు. ఉస్సు.

నేల మీద కూర్చున్నవాడొకడు, "మాస్టారూ, మీ పెట్టెకి పళ్ళూడాయా?" అన్నాడు. హాలంతా నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. ఆట కాగానే దీపం పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. పెద్ద గొట్టం మీద చెయ్యి వేస్తే వేళ్ళకి అభ్రకం అంటింది. లాగితే వెదురు బొంగు ఊడొచ్చింది. పేరిశెట్టి గారు దీపం దగ్గరకి వచ్చి చూశారు. అప్పికొండ పక్కనే నిలబడి ఉన్నాడు.

"తగరం కోసం తీసినట్టున్నారు," అన్నారు పేరిశెట్టి గారు.

"ఆ గొట్టాల్లో ఉత్త తగరమెక్కడిదండీ," అన్నాడు మాస్టారు. "బిగించిన దొర నాకు చెప్పాడు. గొట్టం మెత్తగా పాడాలని సగానికి సగం సీసం పోస్తారట. తీసినవాడు దాంతో ఏం చేసుకుంటాడో మరి. అన్నం గిన్నెకి మాత్రం పనికిరాదు."

అది వినగానే అప్పికొండ ఒక్క పరుగున ఇంటికి వచ్చాడు. సోములు గ్లాసు ఎత్తి చారు తాగుతోంది. గ్లాసు లాక్కుని విసిరికొట్టాడు. చారు గిన్నె వాకిట్లో బోర్లించాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది.

నీలమ్మకి అంతా చెప్పాడు. ఆవిడ బోర్లించిన గిన్నె వైపు చూసింది.

"మనింటిది పారబోశావు. మరి వాళ్ళవి?"

"చెబితే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా?"

"చెప్పకపోతే?"

అతను చెప్పలేదు. ఒకరోజు చెప్పలేదు. రెండో రోజు చెప్పలేదు. మూడో రోజు పొద్దున్న వరహాలమ్మ మనవడికి ఫిట్సు వచ్చి కళ్ళు తేలేశాడు. ఇంట్లో పొయ్యి మీద ఆ గిన్నెలోనే పులుసు ఉడుకుతోంది.

అప్పుడు నీలమ్మ సోములుని చంకనేసుకుని బయల్దేరింది. మొదట వరహాలమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. ఆ తర్వాత హోటలుకి వెళ్ళి గుండిగ దొర్లించింది. ఆ తర్వాత ఇంటింటి ముందూ నిలబడి, "మా ఆయన పూసిన గిన్నెలో వండకండి, అందులో సీసం ఉంది" అని తన నోటితో తనే చెప్పుకుంది. వరహాలమ్మ తిట్టలేదు, కొట్టలేదు. అప్పికొండ దగ్గరకొచ్చి ఒకే మాట అడిగింది. "నీ గిన్నె మూడు రోజుల కిందట పారబోశావటగా, నాయనా?"

పిల్లవాడు ఆసుపత్రిలో బతికాడు. కానీ ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరు తనదేనని వాడికి తెలియడానికి చాలాసేపు పట్టేది. సోములుకి మాత్రం మెల్లగా నయమైంది.

పేరిశెట్టి గారు పోలీసులని పిలవలేదు. "నీ చేత్తో పూశావు, నీ చేత్తోనే గీకు," అన్నారు. ఏది మంచి తగరమో, ఏది గొట్టానిదో ఎవరు నమ్ముతారు? అప్పికొండ పూసిన ప్రతి గిన్నే హాలు ముందుకి వచ్చింది. గుట్ట పడింది. అతను కూర్చుని గీకాడు, కాల్చాడు, మళ్ళీ గీకాడు. ఆ సీసం పొగ, ఆ పొడి ఒంట్లోకి పోతాయని పెద్దాయనకీ తెలియదు, ఇతనికీ తెలియదు.

గాలిపెట్టెకి ఆ మూడు గొట్టాలూ మళ్ళీ రాలేదు. గాలివాన బొమ్మ వచ్చినప్పుడల్లా మూడు చోట్ల ఉత్త గాలే వచ్చేది. ఆ మూడు చోట్లా సోములు తల దించుకునేది. ఆ ఊళ్ళో కళాయి వాళ్ళు ఇప్పటికీ మన చెవి దగ్గర తగరం వంచి, వినిపించి, అప్పుడే పూస్తారట.

గిన్నెలన్నీ గీకడం అయ్యేసరికి, సీసం ఒంటికెక్కి అప్పికొండ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. విరిగిన కొమ్మలా వేలాడింది. ఎంత లేపినా లేవలేదు. గొట్టం తీసింది ఆ చెయ్యే. అతను బతికినన్నాళ్ళూ సోములే మట్టి పిడతలో చారు కాచి, అన్నం కలిపి, తండ్రి నోట్లో ముద్ద పెట్టేది. ముద్ద పెట్టే ముందు, రోజూ, ఆ పిల్ల ఒకసారి గిన్నెలోకి చూసుకునేది. తండ్రి అది చూసేవాడు.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి.
వంచి వినని తగరానికి
వాలిన చెయ్యే వెల దానికి.