శిలువ కాలి దగ్గర మచ్చ

గాడి తీసే మిషన్ ఎత్తగానే బాలశౌరి ముక్కుకి మళ్ళీ అదే వాసన తగిలింది. కాలిన వేపచెక్క వాసన. వంగి చూశాడు. శిలువ గాడి అంచుల వెంట పీచులు లేచి ఉన్నాయి. కింద, శిలువ కాలు చివర నల్లటి మచ్చ పడింది. విసుగ్గా ఆ పలకని తీసి, గోడకి ఆనించిన చెడిపోయిన పలకల పక్కన పడేశాడు.

గుంటూరు సీమలో నల్లరేగడి చేల మధ్య ఒక క్రైస్తవ మఠం ఉంది. అక్కడ బ్రదర్ బాలశౌరికి వడ్రంగం రోజువారీ పని కాదు. గుడిలో బల్ల కాలు ఊడితేనో, వానకి కిటికీ రెక్క ఉబ్బితేనో షెడ్డు తాళం తీసేవాడు. మిగతా రోజుల్లో గేదెల పాలు పితకడం, కూరపాదులకి నీళ్ళు పెట్టడం, గంట కొడితే ప్రార్థనకి పోవడం. ఇప్పుడు పట్టుకున్న పని మాత్రం అలాంటిది కాదు. అతను చేస్తున్నది శవపెట్టె మూత. ఆ పెట్టెలో పడుకోవలసిన మనిషి ఇంకా బతికే ఉన్నాడు.

ఆ మనిషి బ్రదర్ ఇన్నయ్య. ఇద్దరూ ఒకే రోజున, గుడిలో ఒకే పీఠం ముందు బోర్లా పడుకుని, బతికినంతకాలం ఈ మఠంలోనే ఉంటామని మాటపట్టు చేసినవాళ్ళు. ఒక కంచంలో తిన్నారు, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నారు. ఇన్నయ్య ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పాక, తీసుకొచ్చి జబ్బుగదిలో పడుకోబెట్టారు. ఆ గదికీ షెడ్డుకీ మధ్య ఒక్క గోడే అడ్డం.

మఠంలో ఒక ఆనవాయితీ ఉంది. బ్రదర్ ఎవరికైనా చివరి ఘడియలు దగ్గరపడితే, అతనితో కలిసి మాటపట్టు చేసినవాడే పెట్టె చేయాలి. మూత మీద శిలువ గాడి తీసి, తానే మోసుకెళ్ళి మంచం దగ్గర పెట్టాలి. పోయేవాడు ఆ గాడిలో వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా ఒకసారి రాసి చూసుకుంటాడు. కొత్తింటి తలుపు తడిమి చూసుకున్నట్టే. అది ప్రాణం ఉండగానే జరగాలి.

పెట్టె ఎప్పుడో తయారైంది. మూతే తెమలడం లేదు.

మఠంలో చేరినంత మాత్రాన మనిషికి బజారు యావ పోతుందా? శౌరి పేటకి పోయి, గాడి తీసే రౌటర్ మిషన్‌కి పట్టే, చెక్కని కోసే బిట్ల డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. ఎర్ర డబ్బా, లోపల స్పాంజి మీద వరసగా రకరకాల బిట్లు. అంచులు గుండ్రంగా తీసేవి, మెట్లు తీసేవి, పూలరేకుల్లా చెక్కేవి, ఎందుకో అతనికే తెలియనివి. అన్నిటికీ పసుపుపచ్చ పూత. చవకలో ఇన్నొచ్చాయని మురిసిపోయాడు. మొదటి పలక మీదే ఒకదాని కోసే ముక్క ఊడి ఎగిరిపోయింది. మళ్ళీ పేటకి పోయి ఇంకో రకం డబ్బా తెచ్చాడు. అది పీచులు లేపింది. ఇంకో రకం తెచ్చాడు.

బజారుకి పోయిన రోజు జబ్బుగదికి పోవడానికి తీరిక ఉండదు కదా. పని మీదున్న రోజు అసలే ఉండదు. "ఒక్కసారి పోయి ఇన్నయ్యని పలకరించి రాకూడదా?" అని ఎవరన్నా అడిగితే, "మూత కానీండి, అది పట్టుకునే పోతా" అనేవాడు. అందరూ అతని శ్రద్ధ చూసి ముచ్చటపడ్డారు.

ఆ రోజు ముసురు పట్టింది. రాయప్ప ఫాదర్ గొడుగు ముడిచి గుమ్మం పక్కన పెట్టి షెడ్డులోకి వచ్చాడు. ఇద్దరికీ మఠం బతుకు నేర్పింది ఆయనే. నడుం వంగింది గానీ చూపు తగ్గలేదు.

"మీరన్నా చెప్పండి ఫాదర్, మంచి బిట్ అంటే ఏది? ఏది పెట్టినా ఇట్టాగే తగలడుతోంది," అన్నాడు శౌరి.

ఆయన స్టూలు మీద కూర్చుని, ఎర్ర డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కొక్క బిట్టే తీసి కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. కోసే ముక్కని కాడకి అతికిన చోట సన్నటి గుంటలు. ఆ ముక్క కూడా పలచన, ఒకసారి సాన పడితే ఏమీ మిగలదు. అంచుని బొటనవేలి గోటి మీద ఆనించాడు. గోటిని పట్టుకోకుండా జారిపోయింది. అన్నీ చూసి, డబ్బా మూసి స్టూలు కిందికి తోసేశాడు.

తర్వాత అంగీ జేబులోంచి నూనెగుడ్డ మూట తీశాడు. అందులో ఒకే ఒక్క బిట్. పూతా లేదు, మెరుపూ లేదు. కాడ లావుగా ఉంది. కోసే ముక్క మందంగా, అతుకు కనపడకుండా ఉంది. శౌరి గోటి మీద పెట్టి చూసుకున్నాడు. చురుక్కున దిగింది.

"ఒక్కటేనా ఫాదర్?"

"నువ్వు తీసేది ఒక్క గాడే కదా."

"ఎప్పుడో ఒకసారి చేసే పనికి ఇంత మంచిది ఎందుకండీ?"

"ఎప్పుడో ఒకసారే చేస్తాం కనక," అని గొడుగు తీసుకుని ఆయన వెళ్ళిపోయాడు.

శౌరి కొత్త పలక బిగించాడు. ముందు శిలువ చేతులు తీశాడు. పీచు లేవలేదు, పొగ రాలేదు. జున్ను కోసినట్టు కోసుకుపోయింది. అతని ప్రాణం లేచొచ్చింది. నిలువు గాడి పైనుంచి మొదలుపెట్టి, కిందికి లాక్కొచ్చాడు. ఇంకా కొంచెం, ఇంకా వేలెడు. మిషన్ ఎత్తాడు.

గాడి అంతా నున్నగా ఉంది. శిలువ కాలు చివర మాత్రం నల్లటి మచ్చ.

అతను మూత వంక చూస్తూ నిలబడిపోయాడు. గోడ అవతల ఇన్నయ్య దగ్గుతున్నాడు. ఆ దగ్గులో ఇప్పుడు బలం లేదు. శౌరి మళ్ళీ ఇంకో పలక కోసం చెయ్యి చాచాడు.

గుమ్మం దగ్గర రాయప్ప ఫాదర్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో!

"ఇదీ కాల్చింది ఫాదర్. ఇంకో పలక మీద మళ్ళీ తీస్తా. పొద్దుగూకేలోపు అయిపోతుంది."

ఆయన గోడ దగ్గరికి పోయి, చెడిపోయిన పలకలు ఒక్కొక్కటే తెచ్చి, కొత్త మూత పక్కన నేలమీద వరసగా పరిచాడు. వంగలేక వంగుతూ, ఆయాసపడుతూ పరిచాడు. శౌరి సాయం చేయబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అన్నీ పరిచాక నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

ఒక్కో పలక మీద ఒక్కో బిట్ పనితనం. ఒకటి పీచులు లేచింది, ఒకటి గాట్లు పడింది, ఒకటి నున్నగా ఉంది. మచ్చ మాత్రం అన్నిటి మీదా ఒక్క చోటే. శిలువ కాలి దగ్గర, ఇంకో వేలెడు పోతే పని అయిపోతుందనగా.

"పీచులు లేస్తే అది బిట్ తప్పు," అన్నాడు ఫాదర్. మిగతాది అనలేదు.

తిరుగుతున్న మిషన్ కదలకుండా ఒకచోటే నిలిస్తేనే చెక్క కాలుతుందని శౌరికి తెలుసు. అది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తన చెయ్యి ఎక్కడ ఆగుతోందో, ఎందుకు ఆగుతోందో కూడా ఇన్నాళ్ళూ తెలియకుండా ఏమీ లేదు. పని అయిపోతే ఆ గదిలోకి పోవాలి. ఎముకల గూడైపోయిన ఆ ముఖం చూడాలి. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఫాదర్ ప్లగ్గు పీకేశాడు. బిట్ విప్పి, మూటగట్టి, జేబులో వేసుకున్నాడు. జబ్బుగది వైపు తలుపు తెరిచి, పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

శౌరి మూత ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

జబ్బుగదిలో కిటికీ మూసి ఉంది. మందుల వాసన, తడి గుడ్డల వాసన. ఇన్నయ్య కళ్ళు తెరిచి చూశాడు. గుర్తుపట్టాడు. శౌరి మూతని మంచం పట్టెకి ఆనించి పట్టుకుని, వాడి చేతిని తీసి గాడిలో పెట్టాడు. వేలు పుల్లలా ఉంది. అది మెల్లగా పైనుంచి కిందికి జారింది. చివర మచ్చ దగ్గర గరుకు తగిలి ఆగింది.

"ఒరే శౌరీ," అన్నాడు ఇన్నయ్య. గొంతు వినిపించక శౌరి వంగాడు. "మిషన్ చప్పుడు ఆగినప్పుడల్లా తలుపు వంక చూశాన్రా. వస్తున్నావనుకున్నా."

శౌరి మూతని గోడకి ఆనించి, మంచం మీద కూర్చుని వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి అతని చేతిలో ఉండగానే, ముసురు ఇంకా పడుతుండగానే, ఇన్నయ్య పోయాడు.

పెట్టె మూసే ముందు శౌరి గరుకుకాగితం తెచ్చి, మచ్చ మీద రుద్దబోయాడు. రాయప్ప ఫాదర్ ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మూత అలాగే మూశారు. మట్టి అలాగే పోశారు.

సమాధుల దొడ్డి నుంచి అందరూ వెళ్ళిపోయారు. ఫాదర్ మాత్రం ఉన్నాడు. నూనెగుడ్డ మూట తీసి శౌరి చేతిలో పెట్టాడు.

"జిగురు తుడిచి, నూనె రాసి దాచు. తుప్పు పట్టనివ్వకు."

"మీ దగ్గరే ఉండనీండి ఫాదర్. మళ్ళీ ఎప్పుడు కావాలో ఏమో."

ముసలాయన చుట్టూ ఉన్న సమాధుల వంక చూశాడు. వాటిలో పాతవాటి మీద పేర్లు కూడా చెరిగిపోయాయి.

"నాతో కలిసి మాటపట్టు చేసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు శౌరీ," అన్నాడు. "నా పెట్టె నువ్వే చెయ్యాల."

శౌరి తల ఊపాడు.

"మిషన్ పెట్టకముందు ఒకసారి నా గదికి రా."