పాలు పొంగించని ఇల్లు

దాలమ్మకి అప్పుడు ఇరవై మూడేళ్ళు. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తింటే గాని ఎవరితోనూ మాట్లాడేది కాదు. అనగనగా ఒక కొండవార ఊళ్ళో ఉండేది తల్లీ. రాజులూ మంత్రులూ ఉన్న ఊరు కాదు. మామూలు ఊరే. చుట్టూ రాగులు పండే చోడిచేలు, మధ్యలో ఎర్రమట్టి బాట.

దాలమ్మ మొగుడి పేరు గవరయ్య. ఇద్దరూ గవరయ్య తల్లి సూరమ్మ ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ ఇంట్లో పదకొండు మంది. మగవాళ్ళకి ముందు అరుగు, ముసలివాళ్ళకి నడిమిల్లు, పిల్లలకి దొరికిన చోటు. దాలమ్మకి మాత్రం ధాన్యం గాదె పక్కన చాప పరిచేంత జాగా. కాళ్ళు చాపితే గాదెకి తగిలేవి.

దానికి సర్దుకుంది. ముడుచుకుని పడుకోవడం ఆడపిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, చోటే నేర్పేస్తుంది. నువ్వు మాత్రం కాళ్ళు చాపుకునే పడుకో.

కానీ ఒక్క సంగతికి దాలమ్మ సర్దుకోలేకపోయింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి నొప్పులొస్తే పెరట్లో ఉన్న పశువుల శాలలోకి పంపేవాళ్ళు. పురుడు మైల కదా, ఇల్లు మైలపడకూడదట. అక్కడే కనాలి. కన్నాక పదకొండు రోజులు అక్కడే, ఆవుల పక్కన, గడ్డి మీద పడుండాలి. కిందటేడు తోడికోడలు ఆ శాలలోనే కని, జ్వరం వచ్చి నెల్లాళ్ళు లేవలేదు. దాలమ్మ పుట్టింటికి పోదామంటే అక్కడ తల్లి లేదు.

అప్పుడు దాలమ్మ మొగుడితో అంది.

"మావా, నేను తలుపున్న గదిలో కంటాను. శాలలో మాత్రం కనను."

గవరయ్య మంచివాడే, కాస్త నెమ్మది. చాలాసేపు బుర్ర గోక్కుని, "తలుపున్న గది మనకెక్కడిదే?" అన్నాడు.

"కడితే ఉంటది."

ఊరి చివర గవరయ్యకి తాత ఇచ్చిన మెరక నేల కాస్త ఉంది. తుమ్మచెట్లు మొలిచి ఊరికే పడుంది. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ తుమ్మలు కొట్టారు. రాళ్ళు ఏరారు. పునాది తీశారు. ఒక వంటిల్లు, ఒక గది, ముందు చిన్న వసారా. అంతే. ఎక్కువ కోరుకుంటే తక్కువ కూడా దక్కదేమోనని భయపడే మనుషులు వాళ్ళు.

మట్టిగోడ ఎలా లేస్తుందో నీకు తెలుసా? ఎర్రమట్టిలో గడ్డి తుంపి వేసి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కాలి. మెత్తగా పిండిలా అయ్యేదాకా తొక్కాలి. ముద్దలు చేసి మోకాలెత్తు గోడ పెట్టి, ఆగాలి. అది ఆరాక మళ్ళీ మోకాలెత్తు. మట్టి ఎవరి మాటా వినదు, ఎండ మాటే వింటుంది.

ఆ మట్టి తొక్కడానికి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ నాట్లకి దాలమ్మ వెళ్ళేది, దాలమ్మ గోడలకి వాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దది ఎర్రమ్మ. ఊళ్ళో మంత్రసాని కూడా ఆవిడే. ఊరంతటినీ ఈ లోకంలోకి లాగిన చేతులని ఆవిడకి కొంచెం గర్వం. నోరు కూడా పెద్దదే.

ఒకరోజు గవరయ్య తొందరపడి ఒకేసారి రెండు మోకాళ్ళెత్తు పెట్టేశాడు. తెల్లారేసరికి గోడ అలిగిన పిల్లలా చతికిలబడింది. ఎర్రమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏట్రా గవరా, నీ గోడకి మోకాళ్ళ నొప్పులొచ్చినట్టున్నాయి!"

గవరయ్య కూడా నవ్వేశాడు. తర్వాత చొక్కా విప్పి, తనే మట్టిలోకి దిగి తొక్కాడు. మట్టి తొక్కడం ఆడవాళ్ళ పని అని అరుగు మీది మగవాళ్ళు వెక్కిరించారు. వాళ్ళకి వెక్కిరించడానికి తీరిక ఉంది, గవరయ్యకి లేదు.

గోడ నడుమెత్తుకి వచ్చేసరికి దాలమ్మకి మూడో నెల. గోడ లేస్తోంది, కడుపూ లేస్తోంది. అప్పుడు సూరమ్మకి తెలిసింది. పరుగున వచ్చింది.

"ఓలమ్మో! కడుపుతో మనిషుంటే ఇల్లు కట్టకూడదే! ఆపండి!"

దాలమ్మకి అప్పుడే చద్దన్నం తినడం అయింది గనక మాట్లాడింది.

"నేనెక్కడ కడుతున్నానత్తా? గవరయ్య ఇల్లు కడుతున్నాడు, గవరయ్య ఇల్లు కడుతున్నాడు అని ఊరంతా అంటోంది. ఒక్కరైనా నా పేరు అన్నారా?"

సూరమ్మ కాసేపు గోడ చుట్టూ తిరిగింది. "మొదలెట్టింది ఆపితే మరీ చెడ్డది. కట్టుకోండి. కానీ బిడ్డ పుట్టేదాకా పాలు పొంగించకూడదు. గృహప్రవేశం చెయ్యకూడదు. ముందు చేస్తే బిడ్డకి కీడు," అంది.

సూరమ్మ చెడ్డది కాదు తల్లీ. ఆవిడకి నిజంగానే భయం. ఆరుగురిని కంటే ఇద్దరు దక్కలేదు. అలాంటి మనిషికి ఏది చెయ్యొద్దంటే అది నిజంలాగే ఉంటుంది. కాకపోతే ఆ మాట మొదట చెప్పినవాళ్ళలో ఒక్కరికీ నొప్పులు వచ్చి ఉండవు. అది నా మాట.

ఇల్లు పూర్తయింది. తాటాకు కప్పారు. వేపచెక్క తలుపు పెట్టారు. లోపల గడియ కూడా పెట్టారు. దాలమ్మ ఆ గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. కానీ అప్పటికి ఏడో నెల. గృహప్రవేశం చేస్తే అత్తకి భయం, చెయ్యకపోతే తనకి శాల. గవరయ్య బుర్ర గోక్కున్నాడు. తల్లి మాట తీసెయ్యలేడు, పెళ్ళానికి ఇచ్చిన మాట తప్పలేడు.

దాలమ్మ మూడు రోజులు ఆలోచించింది. అప్పుడు మెల్లిగా మొదలెట్టింది.

మొదట రోలు వెళ్ళింది. గవరయ్య దొర్లించుకుంటూ తీసుకెళ్ళి కొత్త వసారాలో పెట్టాడు.

సూరమ్మ అడిగింది, "ఇదేటే?"

"మనం వెళ్ళలేదత్తా, రోలు వెళ్ళింది. రోలుకి కడుపు లేదు కదా."

ఆ తర్వాత పొయ్యి వెళ్ళింది. కొత్త గోడల్లో చెమ్మ పోవాలంటే రోజూ లోపల మంట పెట్టాలి. అది అందరికీ తెలిసిందే. మంట ఊరికే పోతుందని దాలమ్మ దాని మీద కుండ పెట్టింది. కుండలో చోడిగంజి కాచి, ఎర్రమ్మకీ మిగతా ఇద్దరికీ పోసింది, తనూ తాగింది. ఆ గంజి పొంగి పొయ్యంతా పడింది.

సూరమ్మ గుమ్మం బయట నుంచే పొయ్యి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "పొంగించేశావా?"

"పాలు కాదత్తా, గంజి."

"గంజికేమీ కాదే సూరమ్మా, శాస్త్రంలో గంజి లేదు," అంది ఎర్రమ్మ మూతి తుడుచుకుంటూ.

ఆ తర్వాత దాలమ్మే వెళ్ళడం మొదలెట్టింది. నేల అలకాలి అని పొద్దున్న వెళ్ళేది. గోడకి సుద్ద వెయ్యాలి అని మధ్యాహ్నం దాకా ఉండేది. కప్పు చూసుకోవాలి అని సాయంత్రం దీపాలవేళకి వచ్చేది. రోజుకో పని. రోజుకో గడియ ఆలస్యం. వెళ్ళినప్పుడల్లా కొంగు చాటున ఏదో ఒకటి వెళ్ళేది. ఓ రోజు పాత చీరలు, ఓ రోజు వాము పొట్లం, ఓ రోజు ఆముదం సీసా. గవరయ్య మంచం పట్టుకెళ్ళి, నులక మార్చడానికని చెప్పాడు. నులక మార్చాడు కూడా. అబద్ధం ఆడితే వాడికి నిద్ర పట్టదు.

నెలలు నిండాయి. ఒకరోజు పొద్దెక్కాక దాలమ్మ కొత్తింట్లో నేల అలుకుతోంది. సగం నేల తడిగా ఉంది, సగం పొడిగా ఉంది. అప్పుడు నొప్పి వచ్చింది. చేతిలో గుడ్డ వదిలేసి గోడ పట్టుకుంది. గవరయ్య ఒక్క పరుగున వెళ్ళి ఎర్రమ్మని తెచ్చాడు. సూరమ్మకి కూడా తెలిసింది. శాలలో గడ్డి పరిచి, కోడల్ని తీసుకుపోదామని ఆదరాబాదరా వచ్చింది. గుమ్మం బయటే ఆగిపోయింది. పాలు పొంగని ఇంట్లోకి అడుగెలా పెడుతుంది?

"బయటికి రావే దాలీ! శాలలో అంతా సిద్ధం చేశాను!"

లోపలి నుంచి దాలమ్మ పళ్ళు బిగించి చెప్పింది.

"నేను గృహప్రవేశం చెయ్యలేదత్తా. బయటికి రాలేకపోతున్నాను, అంతే."

గవరయ్య వసారాలో నిలబడి తల్లి వైపు చూశాడు. ఎప్పుడూ బుర్ర గోక్కునేవాడు ఆ రోజు గోక్కోలేదు. "అమ్మా, నా పెళ్ళాం శాలకి రాదు. అది అడిగింది తలుపున్న గది. ఇద్దరం కట్టాం," అన్నాడు.

అప్పుడు లోపల దాలమ్మ పెద్దగా అరిచింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఎర్రమ్మకి రెండు చేతులు చాలలేదు.

"సూరమ్మా! గుమ్మంలో నిలబడి శకునాలు ఎంచుకుంటూ ఉంటావా, వచ్చి వీపు పట్టుకుంటావా? నువ్వు శాలలో పడుకుని ఎవరైనా వస్తే బాగుణ్ణని ఏడ్చిన రోజు నాకు తెలీదా? అప్పుడు బయట నిలబడింది మీ అత్త!"

సూరమ్మ ఏ కాలు ముందు పెట్టాలో కూడా చూసుకోలేదు. లోపలికి వెళ్ళిపోయింది. తడి నేల మీద కూర్చుని కోడల్ని ఒళ్ళోకి లాక్కుంది. గుండెకి ఆనించుకుంది. వాము నూరి ఇచ్చింది. చెమట తుడిచింది. "ఇంకొక్కసారి, నా తల్లి, ఇంకొక్కసారి," అంటూనే ఉంది. ఎర్రమ్మ చేతులు ఊరికే గర్వపడేవి కావు. మెల్లిగా, చాలా మెల్లిగా బిడ్డని తిప్పింది.

మిట్టమధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కేర్‌మంది. గవరయ్య వసారాలో కూలబడి ఏడ్చాడు.

దాలమ్మ అత్త చెయ్యి పట్టుకుని, "నువ్వు రాకపోతే పోయేదాన్ని అత్తా," అంది. సూరమ్మ లేచి తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది. పదకొండు రోజులూ ఆ ఇంట్లోంచి కదల్లేదు. రోజూ వేణ్ణీళ్ళు తనే కాచింది.

పిల్లకి మూడో నెలలో పంతులుగారు గృహప్రవేశానికి ముహూర్తం చెప్తానన్నారు. సూరమ్మ మనవరాలికి నూనె రాస్తూ, "ఎవరు ప్రవేశించాలి బాబూ? అందరం లోపలే ఉన్నాం కదా," అంది.

అయినా దాలమ్మ ఊరిని భోజనానికి పిలిచింది. ఇల్లు కడితే మేస్త్రికీ వడ్రంగికీ కొత్తబట్టలు పెడతారు. మట్టి తొక్కిన ఆడవాళ్ళకి మిగిలిన పులిహోర పెడతారు. దాలమ్మ ముందు ఎర్రమ్మనీ ఆ ఇద్దరినీ పీటలమీద కూర్చోబెట్టింది. కాళ్ళు కడిగింది. పసుపు రాసింది. మొదటి విస్తళ్ళు వాళ్ళకే వేసింది. "నాకో తలుపు ఇచ్చారు మీరు. బతికున్నన్నాళ్ళూ మరిచిపోను," అంది. ఎర్రమ్మకి నోరు పెద్దదని చెప్పానా? ఆ రోజు ఆ నోట్లోంచి ఒక్క మాట కూడా రాలేదు.

ఆ తర్వాత దాలమ్మ ఎర్రమ్మ దగ్గర మంత్రసాని పని నేర్చుకుని, ఆ గదిలోనే ఊరి ఆడవాళ్ళకి నలభై మూడు పురుళ్ళు పోసింది.

కథేమో కంచి బాట పట్టింది,
దాలమ్మ గూట్లో దీపం పెట్టింది,
నా బంగారానికి నిద్ర పట్టింది.