టేకాకు గరుకెక్కిన వైనం

ఒకప్పుడు టేకు ఆకు అచ్చం నా బట్టతలలా ఉండేది. నున్నగా, తళతళలాడుతూ. దుమ్ము వాలితే జర్రున జారిపోయేది. నా తలకెక్కించిన చదువూ అలాగే జారిపోయిందంటారు మా ఇంట్లో.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున అప్పలాచారి అని ఒకాయన ఉండేవాడు. సీసం కరిగించి, చేపల వలలకు కట్టే గుళ్లు పోసేవాడు. కొలిమి పక్కనే టేకు చెట్టు. కొమ్మకు ఉయ్యాల. ఉయ్యాల్లో రెండేళ్ల కూతురు పైడితల్లి.

పైడితల్లి గెంతే పిల్ల. ఉన్నట్టుండి గెంతడం మానేసింది. తిండి మానేసింది. కడుపు పట్టుకుని ఒకటే ఏడుపు.

"దిష్టి తగిలిందే," అన్నాడు అప్పలాచారి.

"నాలుగుసార్లు తీశాను. ఇంట్లో మిరపకాయలు అయిపోయాయి గానీ ఏడుపు ఆగలేదు," అంది వాళ్లావిడ వరాలు.

చెట్టుకు మాత్రం సంగతి తెలుసు. కొలిమిలోంచి లేచిన సీసపు నుసి తన ఆకుల మీంచి జారి పిల్ల నోట్లో పడటం అది రోజూ చూస్తోంది.

"ఓయ్ గాలీ! ఆ నుసి ఇటు తేకు," అని బతిమాలింది.

"నేను మోసేదాన్నే. మూటలో ఏముందో అడగను," అంది గాలి. "నువ్వే పట్టుకో. వాళ్ల కళ్లకు చూపించు."

"ఎలా పట్టను? జారిపోతోందే!"

"నీ నునుపు నీకంత ముద్దయితే నేనేం చెయ్యను?" అని గాలి వెళ్లిపోయింది.

చెట్టు తన తళతళ ఆకుల్ని ఒకసారి చూసుకుంది. కింద పిల్ల మూలిగింది.

అంతే! ఆకుల్ని ఒకదానికొకటి బరబరా రుద్దేసుకుంది. నునుపు పోయి గరుకు నూగు లేచింది. నుసి ఎక్కడిదక్కడే అంటుకుపోయింది. నెల తిరిగేసరికి బరువెక్కిన ఆకులు రాలాయి.

గుళ్లు పోసే ఇంట్లో కొలిమి దగ్గర ఊడ్చిన చెత్త పారెయ్యరు. కాల్చి, బూడిద కడిగి, రాలిన సీసం ఏరుకుంటారు. పిల్లను చంకనేసుకున్న కంగారులో వరాలు ఆ చెత్త అనుకుని ఆకుల బుట్ట కాల్చేసింది. బూడిద కడిగితే అడుగున ఆవగింజంత సీసం!

అప్పలాచారి మురిసిపోయాడు. "చూశావుటే! మన ఇంట చెట్టుకు కూడా సీసం కాస్తోంది!"

"నవ్వకయ్యా," అంది వరాలు. "ఆ ఆకుల కిందే కదా మన పిల్ల పడుకునేది."

అప్పలాచారి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాడు. ఉయ్యాల గుడ్డ మీద వేలితో గీశాడు. వేలు నల్లబడింది.

ఆ పూటే కొలిమి ఆర్పేశాడు. మర్నాడు దాన్ని మనిషన్నవాడు లేని ఇసకదిబ్బల అవతలికి మార్చేశాడు. వారానికి పైడితల్లి ఒక ముద్ద తింది. నెలకు లేచి నిలబడింది. గెంతడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అన్నాళ్లూ వాళ్లమ్మ దాని కాళ్లకేసే చూస్తూ కూర్చుంది.

అప్పటినుంచే టేకు ఆకు గరుకు. గాలి మోసుకొచ్చిన నుసిని పట్టుకుని ఒంటిమీదే ఉంచుకుంటుంది, తన నీడలో పిల్లను పడుకోబెట్టే ముందు ఎవరైనా ఒక్కసారి తడిమి చూస్తారేమోనని.