గీత అవతల కూర్చున్నవాళ్ళు

"డబ్బులివ్వకపోతే ఎల్లుండి బరిలోకి దిగను."

ఈ ఒక్క మాట కాలేజీ సెక్రెటరీగారి మొహం మీద అనాలని మాల్యాద్రి మూడు రోజులుగా అద్దం ముందు నిలబడి అభ్యాసం చేస్తున్నాడు. అనే ధైర్యం ఉంది. కానీ ఉస్తాదుకి చెప్పకుండా అనడానికే మనసు రావడం లేదు.

ఉస్తాదంటే సముద్రపు ఒడ్డున, సరుగుడు తోపులో ఉన్న దర్గాని చూసుకునే ముసలి ఫకీరు. వయసులో ఉన్నప్పుడు చెడుగుడులో ఆయన కూతకి బయల్దేరితే అవతలి జట్టు వాళ్ళకి ఒళ్ళు జలదరించేదట. ఇప్పుడు కాలేజీ పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. మాల్యాద్రి ఆయన చేతిలో పెరిగిన మొక్క.

ఆ పొద్దున మంచు దట్టంగా దిగింది. తోపు చివర సముద్రం ఉందో లేదో తెలియదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నిద్దట్లో ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది.

"ఏం అబ్బయ్యా, మొహం కందగడ్డ చేసుకోనుండావు?" అన్నాడు ఉస్తాదు, దర్గా ముందు ఊడుస్తూనే.

"మా ఆటకి టికెట్టు పెట్టారు ఉస్తాదూ. గేటు మీద నా బొమ్మ కట్టి కాలేజీలో సీట్లు నింపుకుంటున్నారు. నాకు మాత్రం రెండు అరటిపండ్లు, ఒక గ్లూకోజు పొట్లం. మాయమ్మ రొయ్యలు వలిచీ వలిచీ చేతివేళ్ళు పాలిపోయినాయి. ఆడినందుకు డబ్బు అడిగితే తప్పా?"

తిడతాడనుకున్నాడు. ఆట దేవుడిచ్చిందనీ, అమ్ముకోకూడదనీ అంటాడనుకున్నాడు. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకునే వచ్చాడు.

ఉస్తాదు గడ్డం గోక్కున్నాడు. "తప్పేముండాది? చెమట నీది. అడుగు."

మాల్యాద్రికి ప్రాణం లేచొచ్చింది.

"ఎవురికని అడగతావు?" అన్నాడు ఉస్తాదు మళ్ళీ.

"ఎవరికేంది, నాకే! నేను లేకపోతే అదొక టీమా?"

ఉస్తాదు చీపురు పక్కన పెట్టాడు. ఒక ఎండు సరుగుడు పుల్ల ఏరుకుని, తడి ఇసుకలోకి దిగి, నిదానంగా ఒక బరి గీశాడు. నడిగీత గీశాడు. రెండో సగం మంచులోకి వెళ్ళిపోయింది. ఆ చివరి గీత ఎక్కడుందో కనిపించలేదు.

"ఒక్క కూత పోయి రా."

మాల్యాద్రికి నవ్వొచ్చింది. "ఎవరి మీదికి ఉస్తాదూ? అవతల ఎవరూ లేరు గదా."

"లేరని నీకెవురు చెప్పారు?"

ఆ మాట అన్న తీరుకి నవ్వు ఆపేశాడు. అయినా నడిగీత తాకి కళ్ళకద్దుకుని, గుండెల నిండా గాలి పట్టి బయల్దేరాడు. చెడుగుడు చెడుగుడు చెడుగుడు...

నాలుగడుగులు వేశాడో లేదో, మంచులోంచి అదే కూత తిరిగొచ్చింది. ప్రతిధ్వని అనుకున్నాడు. కానీ తన గొంతు సన్నం. వస్తున్న కూత బొంగురు. అది మెల్లగా పక్కకి జరుగుతోంది, వెనకదారి కట్టెయ్యడానికి ఆటగాళ్ళు జరిగినట్టే.

మాల్యాద్రి వెనక్కి తిరిగి దూకాడు. చీలమండ చుట్టూ ఒక చెయ్యి బిగుసుకుంది. చల్లటి చెయ్యి, తడి చెయ్యి. పట్టు బాగా తెలిసిన చెయ్యి. నడిగీతకి జానెడు దూరంలో బోర్లా పడ్డాడు. ఊపిరి తెగిపోయింది.

లేచి చూస్తే ఎవరూ లేరు.

"చచ్చావు," ఉస్తాదు గొంతు ఎక్కడినుంచో వినిపించింది. "పోయి కూర్చో."

చెడుగుడులో పట్టుబడినవాణ్ణి చచ్చాడనే అంటారు. చచ్చినవాడు బరి బయట, గీత అవతల కూర్చోవాలి. ఎన్నిసార్లు విన్న మాటో! ఈ పొద్దున మాత్రం కూర్చునే ముందు గీత అవతలికి ఒకసారి చూశాడు.

గీత అవతల అప్పటికే మనుషులున్నారు.

ఏడుగురు. వరసగా, మోకాళ్ళు కావిలించుకుని, బరి వైపు చూస్తూ కూర్చున్నారు. మాల్యాద్రి వెళ్ళి ఇటు చివర కూర్చున్నాడు.

పక్కనున్నవాడి కాలు ఒకటి తిన్నగా చాపి ఉంది. తొడ దాకా సిమెంటు కట్టు.

"ఒరే చెంచయ్యా! నువ్వు మంచంలో గదా ఉండావు?"

చెంచయ్య తల తిప్పలేదు. దసరా మ్యాచ్‌లో వాడి మోకాలు విరిగింది. ఆ మ్యాచ్‌తోనే మాల్యాద్రి పేరు ఊరు దాటింది. రేపు చూసొద్దాం, ఎల్లుండి చూసొద్దాం అనుకుంటూ ఇప్పటిదాకా వాడింటి గడప తొక్కలేదు.

"ఏ సంవత్సరం తమ్ముడూ?" అటు చివర నుంచి ఒక గొంతు అడిగింది. ఆ బొంగురు గొంతే.

"మూ... మూడో సంవత్సరం అన్నా."

"నేను రెండోదాంట్లోనే ఆగిపోయినా. మెడ మీద ఐదుగురు పడ్డారు. పెరుమాళ్ళంటారు నన్ను."

మాల్యాద్రి అటు చివరికి మెడ చాచి చూశాడు. ఎల్లుండి తాను ఆడాల్సింది పెరుమాళ్ళు స్మారక కప్పు కోసం. రెండేళ్ళుగా దాన్ని గెలిచి, ఫొటోలవాళ్ళ ముందు ముద్దు పెట్టుకున్నది తనే.

"నా పేరున పెట్టిన కప్పు వెండిదేనా?" పెరుమాళ్ళు ఆశగా అడిగాడు.

"కాదన్నా. రేకు. పైన పూత."

"మాయమ్మకి వెండని చెప్పారే!"

"నీకు రేకన్నా దక్కింది," నడుమ కూర్చున్న ఇంకొకడు అందుకున్నాడు. "నా పేరైతే హాజరు పట్టీలో కొట్టేశారు, అంతే." వరసంతా కిచకిచమని నవ్వింది. చెంచయ్య కూడా నవ్వాడు. ఇసుక జారినట్టున్న ఆ నవ్వు మాల్యాద్రి భుజాన్ని రాసుకుంటూ పోయింది.

అప్పుడు ఉస్తాదు కేకేశాడు. "పాయింటొచ్చింది! ఒకడు బతికాడు. లేవండి!"

మాల్యాద్రి చటుక్కున లేచాడు. అలవాటు. జట్టుకి పాయింటొస్తే చచ్చినవాళ్ళలో ఒకడు తిరిగి బరిలోకి వస్తాడు; ముందు చచ్చినవాడు ముందు బతకాలన్నది ఆట నియమమే. కానీ మాల్యాద్రి చచ్చి కూర్చుంటే వరస ఎవరు చూస్తారు? పాయింటు రాగానే వాడే లేచేవాడు. జనం ఈలలేసేవారు. రిఫరీ అటు తిరిగి విజిల్ తుడుచుకునేవాడు.

ఏడు తలలూ ఒక్కసారి వాడి వైపు తిరిగాయి.

కోపం లేదు ఆ చూపుల్లో. ఉన్నా బాగుండేది. తమకంటే ముందు ఎవరో ఒకరు లేచిపోవడం చూసీ చూసీ అలిసిపోయిన చూపులవి.

మాల్యాద్రి తిరిగి కూర్చున్నాడు. అటు చివరికి చూస్తూ, "ముందు నువ్వు లే పెరుమాళ్ళన్నా," అన్నాడు. ఆ మాట ఎవరికీ వినపడనంత మెల్లగా వచ్చింది.

సూర్యుడు పైకొచ్చాడు. మంచు చిరిగిపోయింది. ఎదురుగా సముద్రం, ఖాళీ ఒడ్డు. తడి ఇసుకలో మనుషులు కూర్చున్న గుంటలు మాత్రం ఉన్నాయి, తనతో కలిపి ఎనిమిది. మాల్యాద్రి పక్క గుంటలో చెయ్యి పెట్టాడు. చెంచయ్య కూర్చున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది. దాని అవతలిది చల్లగా ఉంది.

చెయ్యి దులుపుకుంటూ అడిగాడు. "అయితే డబ్బు అడగొద్దంటారా ఉస్తాదూ?"

"నేనన్నానా ఆ మాట?" ఉస్తాదు కాలితో గీతలు చెరిపేస్తున్నాడు. "అడుగు. గొంతెత్తి అడుగు. వరస తప్పొద్దు."

ఆ మధ్యాహ్నం సెక్రెటరీగారు తన గదిలో మాల్యాద్రి చెప్పింది సగం వినకుండానే సొరుగు లాగి చెక్కుబుక్కు తీశారు. "నువ్వు ఆడకపోతే మా పరువేం కావాలయ్యా! ఎంత కావాలో చెప్పు. నీ ఒక్కడికే సుమా, బయట అనొద్దు."

వరండాలో పొడుగాటి బెంచీ ఉంది. దాని ఒక చివర, మాల్యాద్రి ఊరంతా వెతికి పిలుచుకొచ్చిన ఒక ముసలామె కూర్చుంది. రెండో చివర చెంచయ్య, చంకకర్రలతో. నడుమ ఐదుగురు పట్టేంత ఖాళీ. అందులో కూర్చోబోయిన ప్యూనుని మాల్యాద్రి ఇందాకే, "అక్కడొద్దన్నా, మనుషులుండారు," అని లేపేశాడు.

"చెప్పవయ్యా, ఎంత?"

"నేను ఎనిమిదోవాణ్ణి సార్," అన్నాడు మాల్యాద్రి. గుమ్మం దగ్గరికెళ్ళి తలుపు బార్లా తెరిచి, పక్కకి తప్పుకున్నాడు.

"పెరుమాళ్ళన్న వాళ్ళమ్మా, ముందు నువ్వు రా తల్లీ."