రాజు అనని మాట

విస్సన్న రాసిన నాటకం ఆడిన మర్నాడు ఊళ్ళో ఎవరూ దాని ఊసెత్తలేదు.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన రాజు, తల్లి పోయిందని తెలిసి విలపించే ఘట్టం అందులో ముఖ్యం. విస్సన్న దానికోసం ఏరి ఏరి పద్యాలు కట్టాడు. ఒక్క గణం తప్పలేదు. రాజు ఏడుస్తుంటే జనం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లాడుకున్నారు. సగంమంది చాపలు చుట్టుకుని లేచిపోయారు.

గురువు అచ్యుతయ్యగారు గోదావరి నడుమ లంకలో ఒంటరిగా ఉండేవారు. విస్సన్న పడవ దిగి నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాడు.

"నాటకం రాయడం పుట్టుకతో రావాలా అండీ, చదివితే వస్తుందా? చదువులో నేనేమీ లోటు చేయలేదు. పుట్టుకలోనే లేదేమో."

ఆయన ఆ పద్యాలు చదవమన్నారు. శ్రద్ధగా విని, ఎక్కడా వంక లేదన్నారు. తర్వాత మెల్లగా, మీ అమ్మ పోయింది నువ్వు విజయనగరంలో చదువుకునేటప్పుడు కదూ అని అడిగారు.

అవునన్నాడు విస్సన్న. కబురు ఆలస్యంగా అందిందనీ, ఇల్లు చేరేసరికి అంతా అయిపోయిందనీ చెప్పాడు. ఎవరితోనూ చెప్పుకోని సంగతి అది.

"గుమ్మంలోకి రాగానే ఏమన్నావు?"

విస్సన్న ఇసుకతిన్నెల వైపు తిరిగాడు.

"అమ్మా, కాళ్ళకి నీళ్ళు, అన్నానండి. లేదని తెలిసీ అన్నాను. ఎప్పుడొచ్చినా చెంబుతో ఎదురొచ్చేది. ఆ రోజు లోపల్నుంచి ఎవరూ పలకలేదు" అన్నాడు.

అచ్యుతయ్యగారు లేచి లోపలికి వెళ్ళారు. చెంబు నిండా నీళ్ళు తెచ్చి, శిష్యుడి కాళ్ళ ముందు పెట్టి, మళ్ళీ తన చోట కూర్చున్నారు.

విస్సన్న ఆ నీళ్ళు ముట్టుకోలేకపోయాడు. తల వంచుకున్నాడు. ఆయన ఓదార్చలేదు. అవతలి రేవుకి పడవ వెళ్ళిపోయింది. లంకలో వాళ్ళిద్దరే మిగిలారు.

చివరికి విస్సన్న అడిగాడు.

"అది ఇంట్లో అనుకునే మాట కదండీ. నాటకంలో రాజు అంటాడా?"

"అతనికి పోయింది తల్లే కదా."

"పద్యంలో నిలుస్తుందా?"

"నిలిచేదాకా రాయి" అన్నారు అచ్యుతయ్యగారు. "చదువుకున్నది అందుకే."